ఒకే గొంతుతో

“పదకొండో ప్రశ్న,” అని చదివి, ఒక్క ఊపిరి ఆగి, వేలు కింది పంక్తికి జరిపిందామె. “చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే చల్లగా అనిపిస్తుంది. కారణం చెప్పండి.” అదే వేగంతో, అదే గొంతుతో రెండోసారీ చదివింది. ఎక్కడా సాగదీయలేదు, ఎక్కడా ఒత్తి పలకలేదు.

మెట్ల కింద గది అది. పైకప్పు ఒక పక్కకి ఏటవాలుగా దిగిపోతుంది. ఆ పక్క కూర్చున్నవాళ్లు లేచేటప్పుడు తల చూసుకోవాలి. పిల్లలు మెట్లు దిగినప్పుడల్లా నెత్తిమీద బస్తాలు దొర్లిస్తున్నట్టు ఉంటుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, చేతి వెడల్పు కిటికీ. పదకొండేళ్లుగా ఆమె ఉద్యోగమంతా ఆ బల్ల దగ్గరే. తెలివికేమీ లోటు లేకపోయినా కళ్ల ముందు అక్షరాలు కుదురుగా నిలబడని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరుంటారు. వాళ్లకి ప్రశ్నలు చదివి వినిపించాలి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయాలి. తప్పు చెబితే తప్పే రాయాలి.

టీచరు కాదు, ఆయా కాదు. ఎప్పుడో ఎవరో పిల్ల ‘అరటీచరు’ అని పేరు పెట్టింది. అది తరగతులు దాటి స్టాఫ్‌రూము దాకా పాకింది. ఒకసారి ఆమే ఫోనెత్తి “నేను అరటీచర్నండీ” అనేసి నాలుక్కరుచుకుంది.

యాభై మూడేళ్లు, పొట్టి మనిషి. నెరిసిన జుట్టుని బిగించి చిన్న ముడి వేసుకుంటుంది. కళ్లద్దాల కాడ ఒకటి ఊడిపోతే నల్లదారంతో కట్టుకుంది. పంక్తుల కింద నడిచి నడిచి కుడి చూపుడువేలి కొస గట్టిపడింది. ఈ స్కూలుకి రాకముందు ఇరవై ఏళ్లు అచ్చాఫీసులో పనిచేసింది. ప్రూఫులు దిద్దే పెద్దాయన ఎదురుగా కూర్చుని అసలు ప్రతిని పైకి చదివేది. పెళ్లి పత్రికైనా, మందుల కరపత్రమైనా, చావు ప్రకటనైనా ఒకే గొంతు. “నువ్వు చదువుతుంటే నాకు మాటలే వినబడతాయమ్మా, నువ్వు వినబడవు,” అనేవాడాయన. ఆమె జీవితంలో అందుకున్న పెద్ద మెప్పు అదే. కంప్యూటర్లు వచ్చాక ప్రెస్సు మూతపడింది.

ఎదురుగా కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్లని అందరూ బొంగరమంటారు. కూర్చున్న చోట కూర్చోదు, మోకాళ్లు ఆడిస్తూనే ఉంటుంది. చేతికి పెన్నిస్తే పేజీలో నాలుగు మాటలు గీసి, ఆ నాలుగూ కొట్టేస్తుంది. “ప, వ కవలలు టీచర్. నోరు విప్పితేగానీ ఏది ఏదో తెలీదు,” అని ఒకసారి చెప్పింది. నోటితో అడిగితే మాత్రం ఆగదు.

“చెమట ఊరికే ఆరిపోదు టీచర్. ఆవిరయ్యేటప్పుడు ఒంట్లో వేడిని కూడా లాక్కుపోతుంది. గాలి తగిలితే ఇంకా తొందరగా లాక్కుపోతుంది. అందుకే చల్లగా ఉంటుంది.”

ఆమె ‘లాక్కుపోతుంది’ అనే రాసింది. సగంలో బంట్రోతు తలుపు దగ్గర నిలబడి, ప్రిన్సిపాల్ మేడమ్ రమ్మంటున్నారని చెప్పాడు.

మేడమ్ గదిలో లెక్కల మాస్టారు కూడా ఉన్నాడు. బల్లమీద బొంగరం అర్ధసంవత్సరం సైన్సు పేపరు తెరిచి ఉంది, పైన ఎర్రసిరాతో డెబ్బై ఒకటి. పక్కనే అదే పిల్ల సొంత చేత్తో రాసిన పాత పేపరు. దానిమీద తొమ్మిది.

“ఒక పిల్ల వాళ్లమ్మ వచ్చి గొడవ చేసి వెళ్లింది,” అంది మేడమ్. “మా అమ్మాయి రాత్రింబవళ్లు చదివితే అరవై, పేరు రాసుకోవడం రాని పిల్లకి డెబ్బై ఒకటా అని. వచ్చే ఏడు పబ్లిక్ పరీక్షలో ఈ పిల్లకి చదివిపెట్టే మనిషి కావాలంటే ఇవాళే దరఖాస్తు పంపాలి. ఈ మార్కులు ఆ పిల్లవేనని సంతకం పెట్టాల్సింది నేను. ఎలా పెట్టను?”

“మిమ్మల్ని దొంగ అనడం లేదమ్మా,” అన్నాడు మాస్టారు. చెడ్డవాడేమీ కాదు. మూడేళ్లుగా ఆ పిల్ల నోట్సులో ఒక్క లెక్క తిన్నగా దిగడం చూడలేదు, అంతే. “జాలి ఉంటుంది కదా. జాలిపడితే ఎవరికైనా నోరు జారుతుంది.”

ఆమెకి చెవులు వేడెక్కాయి. చెప్పాల్సినవి చాలా తోసుకొచ్చాయి గానీ, సొంత మాటలు పైకి చదివే అలవాటు ఆమెకి లేదు. బల్లమీది రెండు పేపర్లనీ అంచులు కలిపి సర్దింది.

“కొత్త పేపరిచ్చి మళ్లీ పెట్టండి మేడమ్. నేనుండను. మాస్టారే చదవనివ్వండి.”

మేడమ్ పెన్ను కింద పెట్టింది. “ఆలోచించుకునే అంటున్నారా? ప్రతి ఏడూ మీ పోస్టు పొడిగించమని నేను పైకి రాసేది ఒక్క మాటే. ఈమె లేకపోతే ఈ పిల్లలు రాయలేరు అని. ఎవరు చదివినా రాస్తారని తేలితే ఇంకేం రాయను?”

“పబ్లిక్ పరీక్షలో చదివేది నేను కాదు కదండీ. ఎవరో కొత్త మనిషిని పంపుతారు.” గొంతు కొంచెం వణికింది. అది ఆమెకే కొత్తగా వినిపించింది. “ఇప్పుడే అలవాటు కానివ్వండి.”

మధ్యాహ్నం గంట కొట్టాక స్టాఫ్‌రూములో మాస్టారిని కూర్చోబెట్టి, పాత పేపరొకటి చేతికిచ్చి చదవమంది. అయిదో ప్రశ్నకి నాలుగు జవాబులు ఇచ్చి ఉన్నాయి, సరైనది గుర్తించాలి. మాస్టారు క్లాసులో పాఠం చెప్పినట్టు గణగణా చదివాడు.

“జవాబు మూడోది,” అందామె.

“అవును. అయితే?”

“మీ గొంతే చెప్పేసింది మాస్టారూ. మూడోదాని దగ్గర మెత్తబడింది. మళ్లీ చదవండి.”

మళ్లీ చదివాడు. “ఇప్పుడు మొదటిది, రెండోది, నాలుగోది పరుగెత్తించారు. మూడోదాన్ని నడిపించారు.”

మాస్టారు కుర్చీలో సర్దుకున్నాడు. ఆరోసారికి గానీ నాలుగు జవాబులూ ఒక్కలా పలకలేదు. నుదురు తుడుచుకుంటూ అడిగాడు. “మీకు సైన్సు బాగా వచ్చనుకుంటా. మీరెలా పట్టుకుంటారు గొంతుని?”

“ఎనిమిదితో బడి మానేశానండీ. సైన్సు నాకేం రాదు. ఏది సరైనదో తెలీదు కాబట్టి పట్టుకునే పనే లేదు.”

మాస్టారు తల వంచుకుని పేపరు మడిచాడు. పొద్దున ఆ మాట మేడమ్ ముందు ఎందుకు అనలేదని అడగబోయి మానుకున్నట్టున్నాడు. ఆమె మాత్రం చెప్పాల్సింది చెప్పుకుపోయింది. “రెండుసార్లు చదవండి. మూడోసారి అడిగితే విసుక్కోకండి. చెబుతూ లేచి తిరిగితే తిరగనివ్వండి. తప్పు చెప్పినప్పుడు కనుబొమలు ఎగరెయ్యకండి. చెప్పింది చెప్పినట్టు రాయండి, మీ మాటల్లోకి మార్చొద్దు.”

బొంగరానికి చెప్పడమే కష్టమైంది. పిల్ల మెట్ల పక్కన గోడకి జారబడి నిలబడి అంతా విని, ఆడించే కాలు ఆపేసింది.

“అంటే నేను దొంగనా?”

“కాదని వాళ్లకి తెలియాలి.”

“మీరు లేకపోతే నాకు రాదు టీచర్.”

“వస్తుంది.”

“రాదంటున్నానా! మీరెందుకు ఒప్పుకున్నారు? వాళ్లకి భయపడి నన్ను వదిలేస్తారా?”

దగ్గరికి తీసుకోవాలని చెయ్యి లేచింది. తీసుకుంటే ఆ పిల్ల ఏడుస్తుంది, ఏడిస్తే పరీక్ష పోతుంది. “మాస్టారు ఎదురుచూస్తున్నారు. వెళ్లు,” అంది, ప్రశ్న చదివినట్టే. పిల్ల మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

తను స్కూల్లో ఉండకూడదని ఆమే పెట్టుకున్న నియమం. గేటు దాటి, రోడ్డుకి అవతల బస్‌స్టాపు బెంచీమీద కూర్చుంది. బస్సులు ఆగి, ఆమె కేసి చూసి, మళ్లీ కదిలిపోయాయి. ఒక కండక్టరు “ఎక్కుతారా లేదా అమ్మా?” అని కసిరాడు. ఎక్కనని చెయ్యి ఊపింది.

తమ్ముడు గుర్తొచ్చాడు. రోజూ కళ్లముందుండే మనిషి గుర్తురావడమేమిటి గానీ, గుర్తొచ్చింది ఏడేళ్ల తమ్ముడు. తనకి పదేళ్లు. వంటగది గుమ్మం ముందు బడి ఆట. తనే టీచరు. ‘న’ రాయమంటే ‘స’ రాసేవాడు. చెక్క స్కేలుతో వేళ్ల కణుపులమీద కొట్టేది. లోపల్నుంచి అమ్మ “కొట్టవే, అప్పుడైనా బుర్రకెక్కుతుంది,” అనేది. వాడు చెయ్యి వెనక్కి తీసుకునేవాడు కాదు. చాచి అలాగే పట్టుకునేవాడు. ఆరో తరగతిలో ఒకరోజు సంచీ మూలన పెట్టి, ఇంక వెళ్లనన్నాడు. ఇప్పుడు ఇళ్లకి రంగులు వేస్తాడు. డబ్బామీద పేరు చదవలేడు కాబట్టి మూతమీద ఆ రంగే ఒక చుక్క పెట్టుకుంటాడు. పెళ్లి కుదరలేదు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే ఇంట్లో, ఒకరి అలవాట్లు ఒకరు తెలుసుకుని బతుకుతున్నారు. మెట్ల కింద గదిలో ఎంతమందికి చదివి వినిపించినా ఆ చాచిన చెయ్యి మాత్రం వెనక్కి వెళ్లలేదు.

నాలుగు దాటాక మాస్టారు రోడ్డు దాటి వచ్చాడు. ఎండకి పేపరు అడ్డం పెట్టుకుని, అది పిల్ల జవాబుల పేపరేనని గుర్తొచ్చి తీసేశాడు.

“సైన్సు టీచరు అక్కడే దిద్దింది. డెబ్బై నాలుగు.” ఊపిరి తీసుకున్నాడు. “మొదటి రెండు ప్రశ్నలకీ నోరు విప్పలేదమ్మా. నావల్ల కాదని లేవబోయాను. అప్పుడు మూడోది మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. ఇక అక్కణ్నుంచి... నాకు రాయడానికి చెయ్యి సరిపోలేదు. మూడేళ్లు ఆ పిల్లని వెనక బెంచీలో కూర్చోబెట్టాను నేను.”

ఆమె లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. “నీళ్లు తాగిందా?” అని అడిగింది.

మేడమ్ సంతకం చేసింది, దరఖాస్తు వెళ్లిపోయింది. ఇకపై ఖాళీ పీరియడు ఉన్న టీచర్లు వంతులవారీగా చదివిపెట్టాలని కాగితం కూడా తయారైంది. “ఈ ఏడాది చివరిదాకా మీరుండొచ్చు,” అంది మేడమ్, కళ్లెత్తకుండా.

“నేనుంటే ఆ పిల్ల నా గది తలుపు కేసే చూస్తుంది మేడమ్. నా దగ్గరికొచ్చే మిగతా పిల్లలూ అంతే. ఇవాళ్టితో సరిపెట్టండి.” తర్వాత, అడగాలో వద్దో అన్నట్టు, “మాస్టారికి ముందు వంతు వెయ్యండి. నేర్చుకున్నారు,” అంది.

గేటు దగ్గర పిల్లలు వరుసలో బస్సు ఎక్కుతున్నారు. బొంగరం కిటికీ పక్కన కూర్చుంది. ఆమెని చూసింది. చూసి, తల అవతలి వైపు తిప్పేసుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది.

ఇంటి వరండాలో తమ్ముడు కుంచెలు కడుగుతున్నాడు. “ఏంటక్కా, మొహం అలా ఉంది?”

“పనైపోయిందిరా.”

“ఇవాళ్టికా?”

“మొత్తానికి.”

వాడు కుంచె విదిలించి పక్కన పెట్టాడు. “ఆ పిల్ల గట్టెక్కిందా మరి?”

“ఎక్కింది. నాకంటే మాస్టారి దగ్గరే మూడు మార్కులెక్కువ.” నవ్వబోయింది, రాలేదు. వాడి పక్కన మెట్టుమీద కూర్చుంది. వాడు బడి మానేసినప్పట్నుంచీ, ముప్పైతొమ్మిదేళ్లుగా నోట్లో ఉన్న మాట బయటికొచ్చింది. “చిన్నప్పుడు నిన్ను స్కేలుతో కొట్టేదాన్ని. గుర్తుందా?”

“గుర్తుంది.”

“బాగా నొప్పెట్టేదా?”

“నొప్పికేముందిలే.” గోళ్లలో రంగు గీక్కున్నాడు. “కొడుతూ నువ్వు ఏడ్చేదానివి. అది చూస్తే భయమేసేది నాకు. నాకేదో పెద్ద రోగముంది కాబోలు, ఎవరూ చెప్పట్లేదు అనుకునేవాణ్ని.”

ఆమె ఒక కుంచె అందుకుని కడగడం మొదలెట్టింది. కుంచెలనుంచి కారిన నీళ్లు పచ్చగా, తర్వాత లేతగా, తర్వాత తేటగా కాలవలోకి పోయాయి.

మర్నాడు మెట్ల కింద గదిలో మొదటి వంతు మాస్టారిదే. బొంగరం ఆలస్యంగా వచ్చింది. అటూ ఇటూ చూసి, ఏమీ అడగకుండా ఎదురు కుర్చీలో కూర్చుంది. మాస్టారు పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ కుర్చీ చాలా ఎత్తు. పొడవైన మనిషి కాబట్టి ఆయనకి సరిపోయింది. కాళ్లు చాపితే బొటనవేలికి ఏదో గట్టిగా తగిలింది. వంగి చూశాడు. బల్ల కింద ఒక ఇటుక ఉంది. పాత నీలం గుడ్డ చుట్టి, అంచులు సన్నగా కుట్టి ఉన్నాయి. పైన పక్కపక్కనే రెండు చోట్ల, మడమలు ఆనినంత మేర, గుడ్డ అరిగి ఎర్రటి ఇటుక కనిపిస్తోంది.