వాంతి ఎరగని బస్సు

ఒట్టేసి చెబుతున్నాను, ఇరవై రెండేళ్ళలో ఆ బస్సులో ఒక్కరంటే ఒక్కరు వాంతి చేసుకోలేదు. కొండ మీదికి పదహారు మలుపులు. ఒక్కో మలుపూ పిండిన గుడ్డలా మెలిక తిరిగి ఉంటుంది. నా బట్టతల మీద నిండు గ్లాసు నీళ్ళు పెట్టుకుని ఆ పదహారూ తిరిగి, పైన దిగాక ఆ నీళ్ళే తాగినవాణ్ణి. చుక్క ఒలికిందని ఎవరైనా రుజువు చేస్తే మీసం తీయించుకుంటాను. డ్రైవరు చెయ్యి అలాంటిది మరి. అందుకే అందరూ అతన్ని వెన్నపూస అంటారు. తన సీటు వెనక ఎర్రరంగుతో రాయించుకున్నాడు కూడా: ‘ఈ బండిలో ఇంతవరకు ఎవరికీ వాంతి కాలేదు.’

సరే, అతని గొప్ప అలా ఉంచండి. నేను చెప్పబోయేది అతని భార్య కథ.

పొద్దున్నే ఐదింటికి ఆమె బకెట్టు పట్టుకుని ఆ బస్సెక్కుతుంది. వారమంతా ఆఫీసులవాళ్ళు ఎక్కుతారు, ఆదివారం కొండ మీదికి షికారువాళ్ళు. అందుకని సోమవారం పని ఎక్కువ. ముందు రంపపుపొట్టు చల్లి, అది తడి పీల్చుకునేదాకా ఆగాలి. తర్వాత రేకుముక్కతో గీకి ఎత్తాలి. ఆపైన సబ్బునీళ్ళు, ఫినాయిలు, ఆఖర్న సీట్ల సందుల్లో నిమ్మతొక్కలు. “పిల్లలెవరో నీళ్ళు ఒంపారే, కాస్త చూడు” అంటాడు వెన్నపూస తాళాలు ఇస్తూ. ఇరవై రెండేళ్ళుగా అదే మాట. ఒంపిన నీళ్ళలో మెతుకులెందుకుంటాయని ఆమె అడగలేదు. అడిగితే అతనికి కోపం వస్తుందని కాదు, నిజంగానే అర్థం కాదు. అతను వెనక్కి తిరిగి చూడడు. రోడ్డు మీద కళ్ళు పెట్టినవాడికి వెనక జరిగేది జరగనట్టే. ఎనిమిదింటికి అద్దంలా మెరిసే బస్సెక్కి, ఎర్ర అక్షరాలు చదివి, జనం ముక్కున వేలేసుకుంటారు. ఆ అక్షరాల్ని కూడా వారానికోసారి ఆమే తుడుస్తుంది.

అసలు తిరకాసు వేరే ఉంది. ఆమెకే బస్సు పడదు.

పెళ్ళయిన వారానికి బంధువులందర్నీ ఎక్కించుకుని కొండ మీదికి తీసుకెళ్ళాడు. మూడో మలుపులో ఆమె “ఆపండి” అంది. బస్సు ఆగలేదు. పక్కసీట్లో అత్తగారు చెవిలో చెప్పింది: “డ్రైవరు పెళ్ళానికి బస్సు పడదంటే నలుగురూ నవ్విపోతారు. మింగెయ్.” మింగేసింది. ఆ తర్వాత ఎప్పుడెక్కినా ఆఖరి సీటే, కిటికీ పక్కనే. సంచిలో ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు ప్లాస్టిక్ కవర్లు. చప్పుడు కాకుండా వాంతి చేసుకోవడం కూడా ఒక విద్యేనండీ, నేర్పే గురువు ఉండడు. భుజాలు ఎగరకూడదు. ముందు రెండుసార్లు దగ్గి, ఆ దగ్గులో కలిపేయాలి. కళ్ళనీళ్ళు వస్తే గాలికి దుమ్ము పడిందనాలి. దిగేటప్పుడు నవ్వాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా, ఏం వదినా మొహం అలా పాలిపోయింది అని ఎవరైనా అడుగుతారని చూసింది. అందరూ కిటికీల్లోంచి లోయనే చూసేవాళ్ళు.

నలభై నాలుగో ఏట ఆమెకి కుడి డొక్కలో నొప్పి మొదలైంది. తింటే చాలు, వీపు దాకా పొడుస్తుంది. పరీక్షలన్నీ చేసి, పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నాడు ఆపరేషన్ డాక్టరు. పొట్ట మీద నాలుగు చిన్న కన్నాలు పెట్టి తీసేస్తారట, మర్నాడే ఇంటికి పంపిస్తారట.

“నేను తిండే పెట్టానురా బాబూ, రాళ్ళు ఎక్కడ తిందో!” అని వెన్నపూస కనపడ్డవాడికల్లా చెప్పి నవ్వించాడు.

“నాలుగు కన్నాలేగా,” అంది అత్తగారు. “మా రోజుల్లో గుమ్మడికాయని కోసినట్టు కోసేవాళ్ళు. మంగళవారం వెళ్తే గురువారానికి వంటకి వచ్చేస్తావులే.”

కత్తికి ఆమె భయపడలేదు. ఆమె భయం పద్దెనిమిదేళ్ళ నాటిది. కూతురు ఆపరేషన్ చేస్తే పుట్టింది. మత్తు దిగిన దగ్గర్నించి మర్నాటి పొద్దుటిదాకా వాంతులు. ఒక్కోదానికి కుట్లు ఒక్కొక్కటే తెగిపోతున్నట్టుండేది. ఒక చేత్తో పొట్ట అదిమి పట్టుకుని, రెండో చేత్తో గిన్నె పట్టుకుంది. “పక్కమంచంవాళ్ళు చూస్తున్నారు, అటు తిరుగు” అని అత్తగారు ఆమె మొహం గోడవైపు తిప్పింది. బిడ్డని చూడ్డానికొచ్చిన భర్త ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గరే నిలబడ్డాడు. మూడోరోజు ఆ దుప్పటి తనే ఉతుక్కుంది. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎవరికీ గుర్తులేనిది జరిగిందని ఎవరితో అనగలం? ఆ పుట్టిన కూతురు ఇప్పుడు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉంది, పరీక్షలు రాస్తోంది. ఆపరేషన్ సంగతి దానికి చెప్పొద్దన్నది ఆమే. అన్నాక, ఎవరైనా తన మాట కాదని చెప్పేస్తే బాగుండునని రెండ్రోజులు ఎదురుచూసింది.

ఆపరేషన్‌కి ముందురోజు మత్తు డాక్టరమ్మ గదికి పంపారు. ఆవిడ కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని బల్లంతా దాని కోసమే వెతుకుతోంది. దొరికాక కాగితం ముందుకి లాక్కుంది.

“బస్సు ప్రయాణం పడుతుందామ్మా? కడుపులో తిప్పడం, వాంతులు?”

ఆమె నోరు తెరిచేలోపే వెన్నపూస పకపకా నవ్వాడు. “భలేవారే మేడమ్! నేను డ్రైవర్ని. ఇరవై రెండేళ్ళు. నా బండిలో ఒక్కడూ కక్కలేదు. కావాలంటే ఊళ్ళో ఎవర్నైనా అడగండి.”

డాక్టరమ్మ ‘లేదు’ అని రాసింది. “ఇదివరకు ఆపరేషన్ తర్వాత వాంతులయ్యాయా?”

“అబ్బే. గట్టి మనిషండీ మా ఆవిడ.”

మళ్ళీ ‘లేదు’.

“సిగరెట్లు?”

“నాకే లేవు, తనకెక్కడివి!”

మూడు ప్రశ్నలూ ఆమె ఒంటి గురించి. మూడు జవాబులూ అతని నోట్లోంచి. ఆమె చూపు ఆ రెండో ‘లేదు’ మీదే ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళ కిందటి ఆ రాత్రంతా, ఆ గోడ, ఆ గిన్నె, అంతా రెండక్షరాల్లో కొట్టుకుపోయింది. ఇప్పుడు మాట్లాడకపోతే రేపు మళ్ళీ అదే గోడ.

గదిలోంచి బయటికొచ్చాక, ఆమెని అక్కడే ఉండమని వెన్నపూస బస్సు తేవడానికి వెళ్ళాడు. అతను వచ్చేలోపు నేనో మాట ఒప్పుకోవాలి. గ్లాసూ లేదు, నీళ్ళూ లేవు. తొమ్మిదో మలుపులో నా కొత్తచొక్కా మీద నేనే కక్కుకున్నాను. ఆఖరి సీట్లోంచి లేచొచ్చి తడిగుడ్డతో తుడిచింది ఆమే. “ఎవరితో అనకండి బాబాయిగారూ, ఆయన చిన్నబుచ్చుకుంటారు” అంది. తనకీ అప్పుడే అయినట్టుంది, పెదాలు తెల్లగా ఉన్నాయి. నేను నా చొక్కా చూసుకున్నాను తప్ప ఆ పెదాల సంగతి అడగలేదు. మీసం తీయించుకోవలసిందే గాని, అదొక్కటే మిగిలింది నెత్తిన ఏమీ లేనివాడికి.

ఆమె తిరిగి తలుపు తట్టింది.

“డాక్టరుగారూ, ఆ రెండు ‘లేదు’లూ కొట్టేయండి.”

“ఎన్నిసార్లయ్యాయి బస్సులో?”

“ఎక్కిన ప్రతిసారీ. పాప పుట్టినప్పుడు రాత్రంతా.”

“మరి ఇందాక చెప్పలేదేమమ్మా?”

“మీరు నా కడుపు గురించి అడిగారు. ఆయన తన బండి గురించి చెప్పారు.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆమెని చూసింది. “ఈ ఆపరేషన్‌లో పొట్టలోకి గాలి ఊది పొంగిస్తారు. తర్వాత వాంతులు మామూలే. ఆడవాళ్ళకి ఎక్కువ, పొగ తాగనివాళ్ళకి ఎక్కువ, ప్రయాణం పడనివాళ్ళకి, ఇదివరకు అయినవాళ్ళకి మరీ ఎక్కువ. మీకు అన్నీ ఉన్నాయి.”

“అయితే ఇవాళ్టినించి సిగరెట్టు మొదలుపెట్టనా?”

ఆమె జోకు వేసి ఎన్నేళ్ళయిందో. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. “అదొక్కటి వద్దు. మత్తు గాలి పీల్పించకుండా నరంలోంచే ఇస్తాను. వాంతి ఆపే మందు మొదట్లో ఒకటి, ఆఖర్న ఇంకోటి. కడుపు తిప్పే నొప్పిమందులు తగ్గించి, కన్నాల దగ్గరే తిమ్మిరిమందు వేయిస్తాం. అసలు రాదని మాటివ్వలేను. వస్తే మాత్రం ఇంకో మందుంది.”

“ఇవన్నీ పద్దెనిమిదేళ్ళ కిందట కూడా ఉన్నాయాండీ?”

“కొన్ని ఉన్నాయి.”

ఆమె కాగితం మీది ఆ రెండో ‘లేదు’ వైపు చూసింది.

“రేపు లోపలికి తీసుకెళ్ళేముందు నర్సు ఈ కాగితం పైకి చదువుతుంది,” అంది డాక్టరమ్మ మెల్లగా. “మీవారు పక్కనే ఉంటారు. ఇబ్బందనుకుంటే ఆ ముక్క లోపలే చదవమంటాను.”

ఆమె కొంగు సర్దుకుంది. “గట్టిగానే చదవమనండి.”

మర్నాడు నర్సు గట్టిగానే చదివింది. “బస్సు ప్రయాణంలో వాంతులు: ఉన్నాయి. ఎక్కిన ప్రతిసారీ.”

వెన్నపూస మొహం మాడిపోయింది. “ఎవరి బస్సులో?” అన్నాడు. ముందు అడిగింది అదే.

“నేనెక్కింది ఒకటే బస్సండీ,” అందామె పడుకునే. చక్రాల మంచం కదిలింది.

మత్తు దిగేసరికి గొంతు ఎండిపోయి ఉంది. లోపల మిగిలిన గాలికి కుడిభుజం సలుపుతోంది. కడుపులో మాత్రం నిశ్శబ్దం. ఏ క్షణాన తిప్పుతుందోనని అరగంట ఊపిరి బిగబట్టింది, గంట చూసింది. తిప్పలేదు. పక్కనే కుర్చీలో వెన్నపూస ఆమె గడ్డం కింద గిన్నె పట్టుకుని కూర్చున్నాడు, చెయ్యి లాగేస్తున్నా దించకుండా, సాయంత్రం దాకా.

మర్నాడు బస్సు తెచ్చాడు. ఆమె ముందుసీట్లో కూర్చుంది. బజారు దాటాక “ఆపండి” అంది. ఆపాడు. వాంతీ లేదు, ఏమీ లేదు. ఆగుతాడో లేదో చూడాలనిపించింది, అంతే. చూసుకుని, “పోనివ్వండి” అంది. “రేపట్నించి బస్సు మీరే కడుక్కోండి. పొట్టు ఎంత చల్లాలో చెబుతాను.” అతను గేరు మార్చాడు.

ఇంతా చెప్పాక దాచడమెందుకు, ఇందులో ఒక్కటి నేను అల్లింది. గిన్నె పట్టుకుని వెన్నపూస కూర్చున్నాడన్నానే, అది. ఆమె కళ్ళు తెరిచేసరికి ఆ కుర్చీలో ఎవరూ లేరు. అతను కింద తన బస్సులో కూర్చుని ఉన్నాడు. గిన్నె సాయంత్రం దాకా రెండు చేతులతో ఆమే పట్టుకుంది. అలా రాయడానికి చెయ్యి రాక అతన్ని తెచ్చి కూర్చోబెట్టాను. గిన్నె పొడిగా ఉండిపోయిన మాట మాత్రం నిజం.