నా దగ్గుని పాటనుకున్న పెళ్లికొడుకు

నేను ఒక టర్బోచార్జర్‌ని. పేరు విని భయపడకండి, మా కాపురం చాలా చిన్నది. నత్తగుల్లల్లాంటి రెండు డొప్పలు, వాటిలో చెరో చక్రం, రెంటినీ కలుపుతూ ఒక ఇరుసు, దాని చుట్టూ పల్చటి ఆయిలు పొర. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పితే, రెండోది బయటి గాలిని పీల్చి ఇంజను నోట్లో కుక్కుతుంది. నన్ను చూసి ఎవరూ కారు కొనరు గానీ, నేను లేకపోతే ఆ కారు ఏటిగట్టు ఎక్కడానిక్కూడా ఆయాసపడుతుంది.

మొదట కాకినాడలో ఒక రిటైర్డు లెక్చరరు గారి దగ్గరుండేదాన్ని. ఆయన ఎంత మెల్లగా నడిపేవారంటే, నేను సగం నిద్రలోనే ఉండేదాన్ని. హాయిగానే ఉండేది. అబద్ధమెందుకు, కాస్త విసుగ్గా కూడా ఉండేది. ఆ విసుగు తీర్చడానికే కాబోలు, కారు తాతబ్బాయి చేతిలో పడింది.

తాతబ్బాయిది రామచంద్రపురంలో షామియానాల వ్యాపారం. మంచివాడే. వాడి నేస్తం చిట్టిబాబు ఉన్నాడు చూశారూ, వాడే నా పాలిట శని.

"ఒరే, ఆ చిన్న వాల్వు మూసేస్తే బండి పావురంలా కూస్తదిరా. కూత ఉంటేనే దమ్మున్న బండి అంటారు" అన్నాడు. ఇద్దరూ కలిసి ఓ ఆదివారం రేకుముక్క అడ్డం పెట్టి బిగించేశారు.

ఆ వాల్వు ఎందుకుందో ఒక్కడూ అడగలేదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే ఇంజను తలుపు మూసుకుంటుంది. అప్పటికే నేను తోసేసిన గాలికి పక్కదారి ఆ వాల్వొక్కటే. అదీ మూస్తే గాలి ఏం చేస్తుంది? వెనక్కి తిరిగి నా మీదే పడుతుంది. నేను ముందుకి తోస్తాను, అది వెనక్కి తోస్తుంది, కుకుకుకూ అంటూ ఇద్దరం కొట్టుకుంటాం. అలా కొట్టుకున్నప్పుడల్లా నా ఇరుసు ముందుకీ వెనక్కీ ఊగి, దాన్ని కాసే బేరింగు కాస్త కాస్త అరుగుతుంది. ఇక్కడ నా ప్రాణం పోతుంటే అక్కడ వాళ్లిద్దరికీ పండగ. టీకొట్ల దగ్గర కూయించాడు, కాలేజీ గేటు దగ్గర కూయించాడు, ఆఖరికి పెళ్లిచూపులకి వెళ్లి ఆ వీధిలో కూడా కూయించాడు మహానుభావుడు. పెళ్లికూతురు సుభాషిణి కిటికీలోంచి చూసి ముఖం చిట్లించింది. వీడు అది సిగ్గనుకున్నాడు.

పెళ్లి ముమ్మిడివరంలో. మర్నాటి నుంచి మూఢం, మళ్లీ మూడు నెలల దాకా ముహూర్తాల్లేవు. చుట్టాలంతా బస్సులో ముందే వెళ్లిపోయారు. పెళ్లికొడుకు బండి తోలకూడదని తల్లి ఎంత మొత్తుకున్నా వినకుండా, బుగ్గన చుక్కతో స్టీరింగు పట్టాడు తాతబ్బాయి. పక్కన చిట్టిబాబు.

యానాం దాటి ఎదుర్లంక వంతెన ఎక్కగానే, "ఇక్కడ కూత అదిరిపోద్దిరా, వెయ్యి" అన్నాడు చిట్టిబాబు. వేశాడు. మళ్లీ వేశాడు. వంతెన మధ్యకొచ్చేసరికి బేరింగు చేతులెత్తేసింది. ఇరుసు పక్కకి ఒరిగి, చక్రం రెక్కలు డొప్పకి రాసుకున్నాయి. కీచుమని అరిచాను. ఆయిలు పొగగొట్టంలోకి పోయి వెనకంతా నీలిపొగ కమ్మేసింది. తాతబ్బాయి హడలిపోయి బండి ఆపేశాడు.

ఫోను మోగింది. సుభాషిణి.

"ఎక్కడున్నారండీ? పంతులుగారు తొందరపెడుతున్నారు."

"వంతెన మీద. బండి పాడైంది."

"ఏదొకటి ఎక్కి వచ్చేయండి మరి."

"దీన్ని ఇక్కడొదిలేసి ఎలా రానూ?"

"అయితే తాళి దానికే కట్టండి" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది. వాడికి మాత్రం చెమటలు పట్టాయి. వెనకాల వస్తున్న రొయ్యల ఐసు వ్యానుని ఆపి, పట్టుపంచె ఎగ్గట్టి, పెట్టెల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు.

చిట్టిబాబు నాకు కాపలా. పెళ్లిపందిట్లో ఉన్న చుట్టాలకి వీడియో కాల్ పెట్టి ఫోను బానెట్ మీద ఆనించాడు. నవ్వు పోయి నాకు దిగులు పట్టుకుంది. నా మూలాన ఆ పిల్ల పెళ్లి ఆగిపోతే? అవతల పంతులుగారు గడియారం చూస్తున్నారని ఎవరో అంటున్నారు. ఇంకెవరో ఐసు వ్యాను వచ్చిందన్నారు. మరి కాసేపటికి గట్టిమేళం మోగింది. చిట్టిబాబు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

తాళి కట్టిన చేత్తోనే ఫోనందుకున్నాడు తాతబ్బాయి. "ఒరే, మన పావురం ఎలా ఉందిరా?"

సుభాషిణి పక్కనుంచి తొంగి చూసింది. "పావురమేంటండీ? ఇన్నాళ్లూ అది ఊపిరాడక దగ్గుతుంటే పాటనుకుని విన్నారా? పాపం."

పుట్టాక నన్ను పాపం అన్న మనిషి ఆవిడొక్కతే. నా అడుగు నుంచి ఆయిలు చుక్కొకటి జారి రోడ్డు మీద పడింది. చిట్టిబాబు వంగి చూసి, "లీకేజీరా బాబూ" అన్నాడు ఫోన్లో.

అననీండి.