అక్కయ్య జడలోని సిరా

పొద్దున ఎనిమిదింటికి షట్టరు ఎత్తి, బల్ల తుడిచి, ప్రింటరు పక్కన స్టూలు వేసుకుని అక్కయ్య జడ విప్పేది. ప్రింటరు సిరా ట్యాంకు మూత తీసి, దాని మీదికి తల వంచి దువ్వుకునేది. నలుపు చుక్కచుక్కగా ట్యాంకులోకి దిగేది, దువ్వినంత మేరా జుట్టు తెల్లబడేది. ట్యాంకు నిండగానే ముడి వేసుకుని, "రండి, ముందు ఎవరిది?" అని పిలిచేది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఎదుటి అరుగు మీద టైలరు సూదిలోకి దారం ఎక్కించుకోవడం ఎంత మామూలో, ఆ వీధికి ఇదీ అంతే మామూలు.

ఆ సిరాకి ఒక గుణం ఉంది. కాయితం మీది మాట నిలబెట్టుకున్నన్నాళ్ళూ అక్షరం చెక్కుచెదరదు. మాట తప్పారో, కాయితం తెల్లబోతుంది, ఆ నలుపు తిరిగొచ్చి అక్కయ్య తలకెక్కుతుంది. చిన్న మాటైతే ఒక వెంట్రుక, పెద్దదైతే ఒక పాయ. అందుకే ఒప్పంద పత్రాలన్నీ జనం ఇక్కడే తీయించుకునేవారు. ఆమె నెత్తి మీద కొత్తగా నల్ల వెంట్రుక కనబడితే చాలు, వరసలో నిలబడ్డవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఓసారి డ్రైవింగ్ స్కూలాయన అలాగే చూసి, ఎవరూ అడక్కుండానే "నాది కాదు" అన్నాడు. సిగరెట్లు మానేస్తానని పెళ్ళానికి రాసిచ్చిన పెద్దమనిషి ఆయనే. మర్నాడే వచ్చి కొత్త కాయితం తీయించుకుపోయాడు.

మొత్తానికి వీధి మంచిదే, మాట తప్పేవాళ్ళు తక్కువ. యాభై దాటేసరికి అక్కయ్య తల దూదిపింజ అయింది. ఆవిడకి అదో గర్వం. కానీ దువ్వితే ఇంక రాలడానికి నలుపేదీ?

ఆ సందు చూసుకునే తమ్ముడు మాట కదిపాడు. తమ్ముడంటే తను ఎత్తుకు పెంచినవాడు. షాపు పెట్టిన రోజు మిషన్లోంచి వచ్చిన మొట్టమొదటి కాయితం వాళ్ళిద్దరిదే: షాపు చెరిసగం, ఒకరికి తెలియకుండా ఒకరు ఏమీ చెయ్యకూడదు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. దాన్ని అక్కయ్య ఇంట్లో ఇనప్పెట్టె అడుగున దాచింది.

"టోనరు ప్రింటరు తెద్దాం అక్కా. అది పొడి, నెల్లాళ్ళు వాడకపోయినా ఎండిపోదు. వేడికి కాయితాన్ని పట్టేస్తుంది, వానలో తడిసినా చెదరదు. పైగా ఎంత స్పీడనుకున్నావు."

"రంగులొస్తాయిట్రా?"

"మనం కొనేదాంట్లో రావు. మనకెందుకు రంగులు? ఇక నీ తల జోలికి వెళ్ళక్కర్లేదు. ఎన్నాళ్ళని నిన్ను పిండుకుంటాం చెప్పు?"

ఆ ఆఖరి మాటకి ఆమె మనసు కరిగి నీరైపోయింది. నీ ఇష్టంరా అంది. టోనరు వచ్చింది, పాత మిషను దుప్పటి కప్పుకుని మూలకి చేరింది. కొత్తదాంట్లోంచి వచ్చే వెచ్చటి కాయితాలు రెండు చేతుల్లోకి తీసుకుని అక్కయ్య తెగ మురిసిపోయింది. సిరాలోనే కావాలని మొండికేసినవాళ్ళకి, ఇది వానకి కూడా చెదరదండీ అని తనే నచ్చజెప్పింది. పిచ్చితల్లి.

మూడు వారాలకి, ఒక సోమవారం పొద్దున అద్దంలో చూసుకుంటే తల మొత్తం నల్లగా ఉంది. ఒక వెంట్రుక కాదు, పాయ కాదు, మొదలు నుంచి చివరి దాకా.

గేటు దాటి వెళ్తున్న టైలరు చూసి, పదేళ్ళు తగ్గిపోయారు అక్కయ్యగారూ, ఏం రంగు వేశారేమిటి అన్నాడు. ఆమె గబగబా లోపలికెళ్ళి పెట్టె అడుగంటా వెతికింది. కాయితం దొరికింది. తెల్లగా ఉంది. పెన్నుతో పెట్టిన సంతకాలు రెండే మిగిలాయి, ఆమెది వంకరటింకరగా, వాడిది గుండ్రంగా పసివాడి రాతలా.

షాపుకెళ్తే తమ్ముడు లేడు. టోనరు మిషను మీద ఒక కాపీ మర్చిపోయినట్టున్నాడు, ఇంకా వెచ్చగా ఉంది. వచ్చే నెల నుంచి షాపు గది అద్దె ఒప్పందం తమ్ముడొక్కడి పేరన, అక్కగారికి ఏ హక్కూ లేదు. బొటనవేలు తడి చేసుకుని రుద్దింది. అక్షరం కదల్లేదు.

రెండు టీ గ్లాసులతో లోపలికొచ్చిన తమ్ముడు ఆమె తల చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. పెట్టెలో కాయితం సంగతి వాడు మర్చేపోయాడు మరి. నేనే చెబుదామనుకున్నానన్నాడు, పిల్లలు ఎదుగుతున్నారన్నాడు, నీకు నేను లేనా అన్నాడు.

అన్నీ విని అక్కయ్య ఒక్కటే అంది. "నా తల మీద జాలన్నావు చూడూ. అదొక్కటీ అనకుండా ఉండాల్సిందిరా."

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, దుప్పటితో సహా పాత మిషనుని ఎత్తుకుని వీధి దాటింది. టైలరు తన బల్ల మీద గుడ్డలు సగానికి జరిపాడు.

ఆ సాయంత్రమే గది ఓనరుగారు సంతకం పెట్టకుండానే తమ్ముడి పత్రం వెనక్కి తెచ్చిచ్చారు. "కాయితం దివ్యంగా ఉంది బాబూ. ఏం చేసినా చెదరదట. అదే నా బెంగ. అక్కయ్య దగ్గర సిరాలో తీయించుకురా, పెడతాను."

మర్నాడు టైలరు అరుగు ముందు పెద్ద వరస. అందులో తమ్ముడూ ఉన్నాడు. ఎవరూ పక్కకి జరగలేదు, ముందుకి పొమ్మనలేదు. వాడి వంతు వచ్చింది. అక్కయ్య కీబోర్డు మీద వేళ్ళు పెట్టి, తలెత్తకుండా అడిగింది.

"చెప్పండి. ఏం రాయమంటారు?"

పుట్టిన దగ్గర్నుంచీ ఆ నోట వాడు వినని పిలుపది. టైలరు మిషను చప్పుడు ఆగిపోయింది. తమ్ముడు చేతిలోని పత్రం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. వరసలోంచి తప్పుకున్నాడు.

నెల తిరక్కుండానే ఓనరుగారు తమ్ముడు ఖాళీ చేసిన గది తాళంచెవి తెచ్చి అక్కయ్య ముందు పెట్టారు. ఆ నలుపంతా ఎంత త్వరగా వదిలించుకుందామా అన్నట్టు ఆమె రోజూ గట్టిగా దువ్వేది. ఏడాది తిరిగేసరికి తల మళ్ళీ తెల్లబడింది, చెవి పక్కన ఒక్క పాయ తప్ప. ఎంత దువ్వినా అది దిగదు. వరసలో నిలబడ్డవాళ్ళు దాన్ని చూస్తారు. ఎవరిదని మాత్రం ఎవరూ అడగరు.