వాలులో లేతాకుపచ్చ కారు

కారు దొరికిందని కొడుకు వచ్చి చెప్పినప్పుడు తల్లి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు, తల ఎత్తలేదు.

"ఏ కారు?" అంది, ఆ ఇంట్లో పాతిక కార్లు ఉన్నట్టు.

"మన కారేనమ్మా. లేతాకుపచ్చది. నంబరు కూడా అదే."

"అయితే ఇప్పుడేం చేద్దామంటావు?"

అతను నీరుగారిపోయాడు. బజారులో కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే ఆ మనిషికి కొన్ని నెలలుగా అదే ధ్యాస. తండ్రి పోయాక బీరువా సర్దుతుంటే పాత ఆల్బమ్ ఒకటి బయటపడింది. అన్నీ రంగు ఫోటోలే. ఏళ్ళు గడిచి ఎరుపు పైకి తేలి, ఆకాశం గులాబీ రంగుకు తిరిగింది, తండ్రి తెల్లచొక్కా జామపండు లోపలి రంగులో కనిపిస్తోంది. కారు ఆకుపచ్చ ఒక్కటే ఎందుకో పెద్దగా వెలవలేదు. ఒక ఫోటోలో తండ్రి స్టీరింగ్ ముందు కూర్చుని, కిటికీ మీద మోచెయ్యి ఆనించి, కారుతో పాటు పుట్టినవాడిలా నవ్వుతున్నాడు. ఇంకోదాంట్లో చెల్లెలు బానెట్ మీద. మరోదాంట్లో తను బంపర్ మీద నిలబడి, నోటినిండా ఏదో కుక్కుకుని. తల్లి మాత్రం ఎందులోనూ లేదు. కెమెరా ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేది.

ఆ ఫోటోలను శుభ్రం చేయించి, పాత కార్ల పిచ్చివాళ్ళు ఫోన్‌లో నడుపుకునే గ్రూపులో పెట్టాడు. వారం తిరక్కుండానే జవాబొచ్చింది. ఊరి పైభాగంలో, కొండమీద, పంపుహౌసులో పనిచేసి రిటైరైన ఇంజినీరు ఒకాయన తన షెడ్డులో ఉన్న కారు ఫోటో తీసి పంపాడు. "ఇది మీదే కదా? ఆదివారం రండి. మీరే నడుపుదురుగాని."

"నువ్వు వెళ్ళిరా నాన్నా. నేనెందుకు?" అంది తల్లి.

ఆ మాటతో అతనిలో పాత పుండు మళ్ళీ సలిపింది. అతను డ్రైవింగ్ నేర్చుకునే వయసుకు వచ్చిన ఏడాదే ఆ కారు ఇంటిముందు నుంచి మాయమైపోయింది. తండ్రి నేలచూపులు చూశాడు. తల్లి మాత్రం, "నేనే అమ్మించాను" అని, ఎందుకో చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వేసవంతా అతను ఆమెతో మాట్లాడలేదు. తర్వాత మాటలు కలిశాయి గానీ ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

రాత్రి చెల్లెలు ఫోన్ చేసింది. "అమ్మకి ఇష్టం లేదంటోందిగా అన్నయ్యా. ఎందుకు లాక్కెళ్తావు?"

"ఏడుస్తుందని నీ భయం. ఒక్కసారి ఏడిస్తే మంచిదేలే."

"ఊళ్ళో అందరి చూపూ సరిచేస్తావు. ఇంట్లో మనిషి మొహం మాత్రం నీకు కనపడదు" అని ఫోన్ పెట్టేసింది.

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అతను. ఆదివారం పొద్దున్నే తల్లిని ఆటోలో ఎక్కించుకుని కొండమీదకు తీసుకెళ్ళాడు. దారిపొడవునా ఆమె చేతిసంచీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

ఇంజినీరు షెడ్డు తలుపు తీశాడు. కారు మీద కొత్త రంగు మెరుస్తోంది. లోపల అదే పొడవాటి ముందుసీటు. స్టీరింగ్ పక్కనే అదే గేరు కడ్డీ. డాష్‌బోర్డు కింద గొడుగు పిడిలా వంగిన అదే హ్యాండ్‌బ్రేకు. అతను తలుపు తెరిచి, కిటికీ మీద మోచెయ్యి ఆనించి చూసుకున్నాడు. ఇంజినీరు ఆపకుండా చెప్పుకుపోతున్నాడు. ఏ భాగం ఎక్కడ దొరికిందో, ఏది దొరక్క తనే చేయించాడో.

తల్లి కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. ఏడవలేదు. వంగి చక్రం వెనక్కి చూసింది.

"బ్రేకులెవరు చూశారండీ?"

"నేనేనమ్మా, నా చేత్తో" అని నవ్వాడు ఇంజినీరు. "పెళ్ళికూతురిలా తయారుచేశాను."

అతను స్టీరింగ్ ముందు, తల్లి పక్కన, ఇంజినీరు వెనక కూర్చున్నారు. బయల్దేరేముందు ఆమె, "పైనే ఒక చుట్టు తిరిగి వచ్చేద్దాం. కిందికి మాత్రం వద్దు" అంది.

అంతసేపట్లో ఆమె అతనికి చెప్పింది ఆ ఒక్కమాటే. అదీ వద్దనే మాట. పంపుహౌసు దాటాక రోడ్డు రెండుగా చీలింది. అతను కావాలనే కిందికి తిప్పాడు.

"వద్దన్నానా?"

"నాన్న ఎప్పుడూ ఈ దారినే తెచ్చేవాడమ్మా. ఆదివారం ఆదివారం. నాకింకా గుర్తుంది."

ఆమె పెదవి కొరుక్కుని రోడ్డు వైపు తిరిగింది.

మొదటి మలుపు దాకా అంతా బాగానే ఉంది. రెండో మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడల్ కాస్త మెత్తగా దిగింది. మలుపు తిరిగాక మళ్ళీ తొక్కాడు. ఈసారి అది నేల దాకా పోయి అక్కడే ఉండిపోయింది. కాలి కింద ఏమీ లేనట్టుంది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ తొక్కాడు. కారు వేగం పెరుగుతోంది.

"బ్రేకు పడట్లేదు" అన్నాడు. ఆ గొంతు తనదేనా అనిపించింది.

"పంపు చెయ్యండి, పంపు చెయ్యండి" అని వెనకసీట్లోంచి ఇంజినీరు కేక.

కింద, వాలు చివర, రైలుగేటు వేసి ఉంది. గేటు ముందు బండ్లు బారులు తీరాయి. స్కూటర్లు, ఒక బస్సు, తోపుడుబండి మీద ఎవరో మంచం తీసుకెళ్తున్నారు. అతని చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదికి పోయింది.

"అది ముట్టుకోకు" అంది తల్లి. "ఒక్కసారిగా లాగితే పక్కకి తిరగబడుతుంది. స్టీరింగ్ రెండు చేతుల్తో పట్టుకో. ముందు చూడు. క్లచ్ తొక్కు."

అతను తొక్కాడు. ఆమె ఎడమచెయ్యి డాష్‌బోర్డుకు ఆనించి, కుడిచేత్తో గేరు కడ్డీని మధ్యకు తెచ్చింది.

"క్లచ్ వదులు. ఒక్కసారి పెట్రోలు ఇవ్వు. గట్టిగా. ఇప్పుడు మళ్ళీ క్లచ్."

ఇంజిను గర్జించింది. కడ్డీ కింద పళ్ళు కొరుకుతున్న చప్పుడు. ఆమె మణికట్టు ఒకసారి తిప్పింది, కడ్డీ దిగింది. "వదులు, నెమ్మదిగా." కారు ముందుకు మొగ్గి, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకు లాగినట్టు బిగుసుకుంది. వేగం తగ్గింది, కానీ ఆగేంత కాదు. బస్సు వెనక అద్దంలోంచి ఒక పాప చేతులు ఊపుతోంది.

"అమ్మా, సరిపోదమ్మా."

"ఎడమపక్క గోడౌను గోడ అయిపోగానే సందుంది. పైకెక్కుతుంది. అందులోకి తిప్పు."

"నాకు సందేం కనపడట్లేదు."

"ఉంది. నేను చెప్పినప్పుడు తిప్పు." ఆమె హ్యాండ్‌బ్రేకు పిడిని పట్టుకుని, తడిబట్ట పిండినంత నెమ్మదిగా, కొంచెం కొంచెంగా లాగడం మొదలుపెట్టింది. గోడ పక్కనుంచి జారిపోతోంది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. "ఇంకా లేదు. ఇంకా లేదు. ఆఁ, ఇప్పుడు."

అతను తిప్పాడు. కారు వెనకభాగం గోడ అంచును గీసుకుంటూ సందులోకి దూరింది, చప్టా మీద ఎగిరిపడి ఎత్తు ఎక్కింది, బరువెక్కి, నీరసించి, ఆగింది. ఆగిన మరుక్షణం వెనక్కి జారబోయింది. తల్లి పిడిని పూర్తిగా లాగి రెండు చేతులా పట్టుకుంది.

"ఇంజినీరుగారూ, దిగి చక్రం కింద రాయి పెట్టండి. త్వరగా."

ఆయన దిగాడో పడ్డాడో గానీ రాయి మాత్రం పెట్టాడు.

అతని వేళ్ళు స్టీరింగ్‌ను వదలనన్నాయి. తల్లి ఒక్కొక్కటే విడదీసింది, చిన్నప్పుడు పిడికిట్లోంచి బలపం తీసుకున్నట్టు. కింద గేటు లేచింది. బండ్లన్నీ ఏమీ తెలియకుండా కదిలిపోయాయి.

మెకానిక్‌కు ఫోన్ చెయ్యడానికి ఇంజినీరు పక్కకు వెళ్ళాక, తల్లీ కొడుకులు ఒక ఇంటి మెట్ల మీద కూర్చున్నారు. ఇప్పుడామె రెండు చేతులూ సంచీ కింద దాచుకుంది.

"నీకు డ్రైవింగ్ వచ్చా?"

"మా నాన్న రొట్టెల వ్యాను తిప్పేవాడుగా. నేర్పాడు."

"మాకెప్పుడూ చెప్పలేదే. ఈ సందు... నీకెలా తెలుసు?"

ఆమె కాసేపు కారు వైపే చూసింది. "ఈ వాలులోనే మీ నాన్నకి ఒకరోజు కళ్ళు తిరిగాయి. నువ్వు నా ఒళ్ళో ఉన్నావు, పాలుతాగే పిల్లాడివి. స్టీరింగ్ వదిలేశాడు. నేనే పట్టుకుని ఈ సందులోకి తిప్పాను. ఆ తర్వాత ఆయన చేతులు స్టీరింగ్ మీద నిలిచేవి కావు. ఆఫీసుకి బస్సులోనే ఎందుకెళ్ళేవాడనుకున్నావు?"

"మరి ఆదివారాలు?"

"పైకి ఎలాగో మెల్లగా ఆయనే ఎక్కించేవాడు. దిగేటప్పుడు నేనే నడిపేదాన్ని. పైన ఆడీ ఆడీ మీరు ఎక్కగానే నిద్రపోయేవాళ్ళు. మన వీధి మలుపులో ఆపి సీటు మారేవాళ్ళం. మారుదామని ఆయన అడగలేదు, నేనే ఆపేదాన్ని. కారంటే ఆయనకి ప్రాణం. నలుగురిలో చిన్నబోతే నేను చూడలేను."

"అందుకేనా అమ్మించావు?"

"నువ్వు నేర్పమని వెంటపడ్డావు. నీకు నేర్పాలని ఆయన తెల్లారకముందే లేచి, కార్లో ఒక్కడే కూర్చుని ఏడ్చాడు. కొడుకు ముందు తండ్రి ఏడవకూడదనుకున్నాను. నువ్వు నా మీద అలిగావు. అలిగితే అలిగావులే, తల్లి మీద కాక ఇంకెవరి మీద అలుగుతావు?"

అతనికి క్షమించమనడం చాలా చిన్నమాట అనిపించింది. కోపం కూడా వచ్చింది, ఇన్నేళ్ళు తనను చీకట్లో ఉంచారని.

"నేను వద్దన్న దారినే తిప్పావు" అంది ఆమె, ఉన్నట్టుండి. "ఆ పాప బస్సులోంచి చెయ్యూపింది. చూశావా?"

"చూశానమ్మా." అప్పుడు అతనికి ఏడుపొచ్చింది.

సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

"నాకు తెలుసన్నయ్యా" అంది చెల్లెలు. "ఒకసారి దారిలో మెలకువొచ్చింది. అమ్మ నడుపుతోంది. నాన్న పక్కన కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. అద్దంలోంచి అమ్మ నన్ను చూసింది. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను."

"నాకొక్కమాట చెప్తే ఏం పోయేది?"

"నాన్న నీకు దేవుడు కదా."

ఆ మాట అతన్ని కొన్నాళ్ళపాటు జోరీగలా వెంటాడింది. షాపులో ఎవరికో కుడికంటి అద్దం ఎడమకు బిగించి తిట్లు తిన్నాడు.

నెల తర్వాత ఇంజినీరు ఫోన్ చేశాడు. బ్రేకులు ఈసారి మెకానిక్ చేత చేయించాడట, తన చేతిని తనే నమ్మడం మానేశాడట. "మీతో కాదండీ, అమ్మగారితో మాట్లాడాలి" అన్నాడు.

ఆమె ఫోన్ తీసుకుని ఊఁ, ఊఁ అంటూ విన్నది. "పైన మైదానంలో అయితే వస్తాను. వాలులోకి రాను" అని పెట్టేసింది.

మైదానంలో ఆమె స్టీరింగ్ ముందు కూర్చుని మొదట బ్రేకు తొక్కి చూసింది, మళ్ళీ తొక్కింది, ఇంకా నమ్మకం కుదరక మూడోసారీ తొక్కింది. కొడుకు పక్కసీట్లో తలుపు పిడి పట్టుకుని బిగుసుకుపోయాడు. కారు కదిలి, కుదుపిచ్చి, ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేస్తే మళ్ళీ ఆగింది.

"ఇదివరకు ఇంత మొండితనం లేదు దీనికి" అని విసుక్కుంది ఆమె. "నువ్వు అలా ఊపిరి బిగబట్టకురా, నాకు చెయ్యాడట్లేదు."

అతను ఊపిరి వదిలాడు. కారు ముందుకు కదిలింది.