ఎవరైనా చెప్పగలిగే పాఠం

మా ఆవిడ కెమిస్ట్రీ లెక్చరర్, నేను దర్జీని. ఆమె పాఠాల్లో నేను వేలు పెట్టకుండా, నా కత్తెర జోలికి ఆమె రాకుండా మా కాపురం చాలా ఏళ్ళు సజావుగానే నడిచింది. క్లాసులన్నీ ఆన్‌లైన్‌కి మారిపోయాక ఆమె కాలేజీ ఏకంగా మా ముందుగదిలోకి వచ్చి నా కుట్టుమిషన్ పక్కన కూర్చుంది. నేను ఎప్పుడో వదిలించుకున్న చదువు మళ్ళీ నా నెత్తిన పడింది.

ఆ కాలేజీ పేరెత్తితేనే నాకు ఒళ్ళు మంట. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి కొత్త ఆర్డరిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ ఏడు ప్రిన్సిపాల్ మీటింగు పెట్టాడు. సైన్సు వాళ్ళ స్లైడ్లు చూస్తే పిల్లలకి నిద్రొస్తోందట. స్లైడ్లూ పాఠం చెప్పే తీరూ బాగుపడని వాళ్ళకి వచ్చే ఏడు ఆర్డరు ఉండదని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. మా ఆవిడకి పాఠం చెప్పడం తప్ప ఇంకో సరదా లేదు. సినిమాకి తీసుకెళ్ళినా ఇంటర్వెల్‌లో పక్క సీటు పిల్లకి ఐస్‌క్రీం ఎందుకు కరుగుతుందో చెప్పే మనిషి. ఆ మీటింగు అయ్యాక లేచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెలిగించకుండా గిన్నె పెట్టి దాని ముందు నిలబడిపోయింది.

మర్నాటి నుంచి శిక్షణ మొదలైంది. తెర మీదికి ఒకాయన రాగానే, "ముందు ఆ బులెట్లు తీసి పారేయండి" అన్నాడు. నేను హడలిపోయాను. బులెట్లంటే వాక్యాల ముందు పెట్టే నల్ల చుక్కలట. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఆయన పేరు బులెట్లాయన. మనిషి మంచివాడే. ఒక స్లైడులో ఒక్క సంగతే ఉండాలనేవాడు. రాసింది చదవొద్దు, బొమ్మ పెట్టి నోటితో చెప్పండి అనేవాడు. "పైన 'సమతాస్థితి' అని పేరు పెట్టి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది మేడమ్? ఆ మాట ఏం చెబుతోందో వాక్యంలో రాయండి." చివర్లో ఇంకో సలహా ఇచ్చాడు. "మీ ఇంట్లో సైన్సు బొత్తిగా రాని మనిషెవరైనా ఉంటే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పి చూడండి."

మా ఆవిడ తల ఠక్కున నా వైపు తిరిగింది.

"నాకు గిరాకీ ఉంది" అన్నాను.

"ఏం గిరాకీ? ఆ ప్యాంటు అంచు పొద్దుటి నుంచీ అలాగే ఉంది. రండి, కూర్చోండి."

కూర్చున్నాను. ఆ సమతాస్థితి స్లైడు నిండా చీమలు పాకినట్టు అక్షరాలు, బాణాలు, బ్రాకెట్లు. ఆమె గడగడా చెప్పుకుపోయింది.

"ఏమర్థమైంది?"

"నువ్వు చాలా చదువుకున్నావని అర్థమైంది."

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "వేళాకోళం కాదండీ. మీకు అర్థం కాకపోతే అర్థం కాలేదనండి. నన్ను మెప్పించడానికి మాత్రం తలూపకండి" అంది. ఆ గొంతు విన్నాక ఇక వేషాలు కట్టిపెట్టాను. కాలేదంటే కాలేదన్నాను. ఆమె అక్షరాలు తీసేసింది, మళ్ళీ చెప్పింది. కాలేదన్నాను. బాణాలు తీసేసింది. ఇలా ఒక్క స్లైడు కోసం ఆమె తల నేను, నా తల ఆమె తినేశాం.

చివరికి తెర మీద రెండు గదులు, మధ్యలో ఒక తలుపు మిగిలాయి. గదుల్లో చుక్కలు. ఇటు నుంచి ఒక చుక్క అటు వెళితే అటు నుంచి ఒకటి ఇటు వస్తుంది. ఎప్పుడు లెక్కపెట్టినా ఏ గదిలో ఉన్నన్ని ఆ గదిలో ఉంటాయి, కానీ ఒక్కటీ నిలకడగా ఉండదు. పైన ఆమె రాసిన వాక్యం: ఆగినట్టు కనిపిస్తుంది, ఆగలేదు.

"ఓహో, ఇంతేనా!" అన్నాను.

ఆ మాటకి ఆమె మొహం వెలిగిపోయింది. నేను పట్టుచీర తెచ్చిచ్చినప్పుడు కూడా అంత సంబరపడలేదు.

ఆ తర్వాత గాజుగొట్టం తంటా. కాలేజీ ల్యాబ్ నుంచి మూతి మూసేసిన గొట్టం ఒకటి తెచ్చింది, లోపల గోధుమరంగు గ్యాసు. వేడినీళ్ళలో పెడితే రంగు చిక్కబడుతుంది, ఐసులో పెడితే పలచబడుతుంది. కంటికి భేషుగ్గా కనిపిస్తోంది, ఫోనులో తీస్తే మాత్రం రెండూ ఒకలాగే ఉన్నాయి. చీకటి పడిందనుకుని ఫోను తనంతట తనే వెలుగు పెంచేస్తోందట. ఆ సంగతి పట్టుకునేసరికి ఐసు కరిగి నేలంతా నీళ్ళు, నా అస్తరు గుడ్డ తడిసి ముద్దయింది. వెనక తెల్లకాగితం నిలబెట్టి, ఫోను తెలివితేటలు కట్టేసి మళ్ళీ తీసింది. ఈసారి రంగు మారడం కళ్ళకి కట్టినట్టు వచ్చింది.

ఆమె పాఠాన్ని పరీక్షించే క్లాసు రోజు ప్రిన్సిపాలూ బులెట్లాయనా తెర మీద ఒక మూల కూర్చున్నారు. పిల్లలు ఎప్పటిలాగే నల్లటి గళ్ళు, గడికో పేరు. మామూలుగా ఆ గళ్ళ నుంచి కిక్కురుమనే శబ్దం కూడా రాదు. ఆమె గొట్టం చూపించి, "ఇప్పుడు దీన్ని ఐసులో పెడుతున్నా. రంగేమవుతుంది? ముందు మీరు చెప్పండి, తర్వాతే చూపిస్తా" అని ఊరుకుంది. నేను పెడల్ మీది కాలు తీసేశాను. తెర పక్కన మెసేజుల్లో జవాబులు బిలబిలా పడ్డాయి. ఎవరో మైకు తీసి "మేడమ్, ఇంకోసారి చూపించండి" అన్నారు. నాకు చొక్కా గుండీలు తెగిపోయేంత గర్వమేసింది. ఆర్డరు చేతికొచ్చినట్టే అనుకున్నాను.

ప్రిన్సిపాల్ ఫోన్ చేసినప్పుడు ఆమె చేతులకి పిండి ఉంది. స్పీకర్ నేనే నొక్కాను.

"మీ స్లైడ్లు అద్భుతం అమ్మా. ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, వాటిని పట్టుకుని ఎవరైనా పాఠం చెప్పేయొచ్చు."

"థాంక్యూ సార్."

"అందుకే మన బ్రాంచీలన్నిటికీ అవే వాడుతున్నాం. ఈమధ్యే చదువు ముగించిన అమ్మాయిని ఒకరిని తీసుకున్నాం. అన్ని క్లాసులూ ఒక్క చోటి నుంచే చెప్పేస్తుంది. కాబట్టి వచ్చే ఏడు మీకు శ్రమ ఉండదు. మంచి సర్టిఫికెట్ పంపిస్తాం."

ఆమె నోరు తెరిచి, మళ్ళీ "థాంక్యూ సార్" అంది. అలవాటు పాడుగాను! నేను ఫోను లాక్కుని వాణ్ణి దులిపేద్దామనుకున్నాను. పిండి చేత్తోనే వద్దని సైగ చేసింది.

"నీ చేతులారా చేసుకున్నావు. ఇంత బాగా చేయకుండా ఉండాల్సింది" అన్నాను. కోపం వాడి మీద, మాట పడింది ఆమె.

"అలా ఎలా చేస్తానండీ?" అంది. నిజంగానే అడిగింది.

ఇంకొన్ని కాలేజీల్లో అడిగింది. ముందు స్లైడ్లు పంపండి, చూస్తాం అన్నారు. పంపింది. ఆ తర్వాత ఎవరూ పలకలేదు. పాఠం వేళకి బల్ల ముందు కూర్చునే అలవాటు మాత్రం పోలేదు. అలా కూర్చుని గుండీలు సైజుల వారీగా ఏరిపెట్టేది. వద్దనడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఒక మధ్యాహ్నం కొత్తమ్మాయి ఫోన్ చేసింది, ఆమె స్థానంలో చేరిన పిల్ల. స్పీకర్‌లో గొంతు బెరుగ్గా వినిపించింది.

"మేడమ్, తప్పుగా అనుకోకండి. ఒక స్టూడెంట్ డౌటడిగితే చెప్పలేకపోయాను. ఆ రెండు గదుల స్లైడు ఉంది కదా. రెండు వైపులా రాకపోకలు జరుగుతూనే ఉన్నాయని ఎవరు చూశారు, నిజంగానే ఆగిపోయి ఉండొచ్చు కదా అంటున్నారు."

మా ఆవిడ లేచి నిలబడింది. ఒళ్ళో గుండీలన్నీ కింద పడ్డాయి.

"ఎవరడిగారు? ఎవరు?"

"పేరు చూసుకోలేదు మేడమ్. పక్కన మెసేజ్ వచ్చి వెళ్ళిపోయింది."

"ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు తెలుసా ఆ మాట!" అంటూ మొదలుపెట్టింది. ఒక గదిలో కొన్ని చుక్కలకి గుర్తు పెట్టాలట. కాసేపయ్యాక చూస్తే గుర్తున్న చుక్కలు రెండో గదిలోనూ కనిపిస్తాయట. లెక్క మారలేదు, అయినా అవి ఎలా వెళ్ళాయి? అంటే తలుపు తెరిచే ఉంది, రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. ఫోను ఒక చేత్తో పట్టుకుని గదంతా తిరుగుతూ, అవతలి పిల్లకి కనిపించదని మరిచి రెండో చెయ్యి ఊపుతూ చెప్పింది. చాలా రోజుల తర్వాత ఆ గొంతు విన్నాను. ఆ పిల్ల వారానికో డౌటు మోసుకొస్తే బాగుండునని మనసులో దండం పెట్టుకున్నాను.

"ఇప్పుడర్థమైంది మేడమ్. దీన్ని కూడా ఒక స్లైడు చేసి పంపిస్తారా?"

నాకు కోపం నషాళానికెక్కింది. "పంపకు. వాళ్ళనే చేసుకోమను" అన్నాను గట్టిగానే. ఆమె అప్పటికే బల్ల ముందు కూర్చుంది. సాయంత్రం దాకా కూర్చుని, కొన్ని చుక్కలకి ఎర్రరంగు వేసి, పైన వాక్యం మార్చి మార్చి రాసి పంపింది.

జవాబు వచ్చినప్పుడు ఆమె కళ్ళద్దాలు లోపల ఉన్నాయి. "ఏమందో చదవండి" అంది.

"చాలా బాగుంది మేడమ్ అంది" అని ఫోను బోర్లా పెట్టబోయాను.

"ఇంకా ఏదో ఉన్నట్టుందే. పూర్తిగా చదవండి."

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చదివాను. "చాలా బాగుంది మేడమ్. అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇక మిమ్మల్ని మళ్ళీ ఇబ్బంది పెట్టాల్సిన పని ఉండదు."



"అవును మరి" అంది. "స్లైడంటే అలాగే ఉండాలి."

తర్వాత కిందికి వంగి గుండీలు ఏరడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చుని ఏరాను. ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేయలేదు.