పాపయ్య పెట్టిన చీవాట్లు

రేగొండకు దగ్గరలోని తన ఊరికి యుగేందర్ తిరిగొచ్చిన రోజు జనం అతన్ని ట్రాక్టర్ మీద ఊరేగించారు. ఫ్లెక్సీ కట్టారు, శాలువాలు కప్పారు. సరిహద్దులో మందుపాతర పేలి ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయిన వీరుడు కదా మరి! అప్పటి నుంచి తల్లి సమ్మక్క అతన్ని కంటికి రెప్పలా కాచుకుంటోంది. నీళ్లు తానే అందిస్తుంది, పెట్టుడు కాలు తానే తొడుగుతుంది, చెంబు కూడా ముట్టుకోనివ్వదు. కన్నతల్లి ప్రేమలో తప్పేముందని మీరు అడగవచ్చు. నాలుగు నెలలపాటు సమ్మక్కకూ ఏ తప్పూ కనిపించలేదు.

ఊరి ప్రేమా అలాంటిదే. మిరప పండించే ఆ ఊళ్లో ఇవాళ నీ చేనుకు నేను వస్తే, రేపు నా చేనుకు నువ్వు రావాలి. దీన్ని బదులు అంటారు. బదులు ఎగ్గొట్టిన ఇంటిని ఎవరూ క్షమించరు. అలాంటిది సమ్మక్క తోటలో అందరూ వచ్చి కాయలు ఏరిపెట్టి, "మీ ఇంటికెల్లి మాకు బదులు వద్దు" అన్నారు. సమ్మక్క మురిసిపోయింది. యుగేందర్ మాత్రం ఆ పూట అన్నం సగంలోనే వదిలేశాడు.

మర్నాడు పొద్దున్నే అతను సంచి సర్దుకుంటూ కనిపించాడు.

"ఎటు పోతున్నవ్ బిడ్డా?"

"పుణె పోతున్న అవ్వా. నాసొంటి సైనికులు ఉండే కేంద్రం ఉన్నదక్కడ. ఇగ ఆడనే ఉంట."

సమ్మక్క సంచి పట్టుకుని ఆపింది. "నీకు నేనేం తక్కువ చేసిన్రా?"

"ఏం తక్కువ చెయ్యలే. గదే బాధ." యుగేందర్ మంచం మీద కూర్చున్నాడు. "గా కొండల్ల ఆరు గంటలు పడున్న. బెల్టుతోని తొడ నేనే బిగించుకున్న. కండ్లు మూతలు పడుతుంటే పక్కనున్న నా తోటి జవాను ప్రదీప్, 'నీ చేను ముచ్చట చెప్పు' అని గుంజి గుంజి అడిగిండు. నారు పోసుడు కాడికెల్లి కల్లంల తాలు ఏరుడు దాకా చెప్పుకుంట పోయిన. గా పని మళ్ల చెయ్యాలనే బతికిన అవ్వా. ఇంటికొస్తే అందరు దండం పెడుతున్నరు గని, ఒక్కరన్న పనికి పిలుస్తలేరు."

చావును తప్పించుకుని వచ్చిన బిడ్డను తానే మంచానికి కట్టేసిందని సమ్మక్కకు అప్పుడు అర్థమైంది. ఆమెకు దుఃఖం ఆగలేదు.

అంతలో పక్కింటి పాపయ్య గుమ్మంలోకి వచ్చాడు. "వదినె, గంపొకటి ఇయ్యి. ఇయ్యాల మా కల్లంల తాలు ఏరుతున్నం."

సమ్మక్క కళ్లు తుడుచుకుంది. "గంపతోని పాటు నా కొడుకును తోలుకపో. మేం నీకు బదులున్నం."

"అయ్యో, కాలు గట్లుంటే..."

"తాలు చేతులతోనే ఏరుతరు గదా మరిదీ!"

కల్లంలో ఎండిన మిరపకాయలు ఎర్రగా పరచి ఉన్నాయి. రంగు వెలిసిన తాలుకాయలను విడిగా తీసే ఆడవాళ్ల వరుసలో యుగేందర్ కూడా కూర్చున్నాడు. మొదట అందరూ బెరుకుగా ఏరారు. కాసేపటికి అతని గంపలోకి తొంగిచూసిన పాపయ్య ఒళ్లు మరిచిపోయాడు.

"ఏందిరా యుగేందర్! మంచికాయంత తాలుల పడేస్తున్నవ్! కండ్లు యాడ పెట్టుకున్నవ్? నన్ను నిండ ముంచుతవా ఏంది?"

కల్లమంతా బిగుసుకుపోయింది. పాపయ్య నాలుక కరుచుకున్నాడు. యుగేందర్ మాత్రం పకపకా నవ్వాడు. ఊరొచ్చాక అతను అలా నవ్వడం అదే మొదటిసారి.

"మళ్ల ఏరుత కాకా, జర ఆగు" అంటూ గంప ముందుకు లాక్కున్నాడు.

చీకటి పడేముందు ఒళ్లంతా మిరప ఘాటుతో ఇంటికి వచ్చి, "రేపు ఎవరి కల్లం అవ్వా?" అని అడిగాడు. పుణె మాట ఎత్తలేదు.

వెనకే పాపయ్య తల వంచుకుని వచ్చాడు. "తప్పయింది వదినె. దేశం కోసం కాలిచ్చినోన్ని నోటికొచ్చినట్టు తిట్టిన."

సమ్మక్క కడుపు నిండిన మనిషిలా నవ్వింది. "తప్పు నాది మరిదీ, నాలుగు నెలలు వాన్ని కూసోపెట్టి పూజ చేసిన. దెబ్బ తిని వచ్చినోనికి దండం పెట్టి ఊకోవద్దు. పని చెప్పున్రి, తప్పు చేస్తే తిట్టున్రి. గప్పుడే వాడు ఇల్లు చేరినట్టు."