పచ్చిపుండు మీద కరెంటా?

కండక్టరు "రైట్!" అని కేకేస్తే స్టాండులోని నాలుగు బస్సులూ ఒకేసారి కదిలేవట. అంతటి నాలుకకు పుండు పుట్టింది. కేన్సరని తేల్చి సగం కోసేశారు. "ఆరు వారాల్లోపు రేడియేషన్, అదే కరెంటు పెట్టడం, మొదలవ్వాలి, ఆలస్యమైతే తిరగబెడుతుంది" అని డాక్టరమ్మ అతని భార్యకు నొక్కి చెప్పింది.

ఇంటికి రాగానే బావగారు, అంటే కండక్టరు అన్న, అడ్డుపడ్డాడు. "పచ్చిపుండు మీద కరెంటా? వాడేమన్నా ఇస్త్రీ చొక్కానా? ముందు ఒంటికి కాస్త రక్తం పట్టనీయమ్మా!"

పెద్దవాడి మాట కాదనలేక ఆమె తలూపింది.

మూడు నెలలు తిరిగేసరికి కండక్టరు నున్నగా తేలాడు. చూసినవాళ్లంతా బావగారినే మెచ్చుకున్నారు. ఒకరోజు భర్తకు గడ్డం గీస్తుంటే ఆమె వేలికి దవడ కింద రాయిలాంటి గడ్డ తగిలింది.

"ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?" అంది డాక్టరమ్మ. మళ్ళీ కోయాలంది, ఈసారి ఏ మాటా ఇవ్వలేనంది.

ఆసుపత్రి వరండాలో బావగారు నిట్టూర్చాడు. "కత్తి తగిలితే ఈ రోగం పాకుతుందని ఊరికే అన్నారా?"

కండక్టరు సగం నాలుకతో ఏదో అరిచాడు. అది బూతని భార్యకొక్కదానికే తెలిసింది. దాన్ని ఆమె అక్షరం పొల్లుపోకుండా బావగారి మొహం మీదే అనేసింది. ఈ నోరు మూడు నెలల కిందట లేవలేదే అని అక్కడే కూలబడి ఏడ్చింది.